పదిహేను

సువామేలో పొద్దు పొగతోనే మొదలవుతుంది.
హర్మటాన్ దుమ్ము గొంతులో గరగర.
పాత ఇంజన్లు గుట్టలు పోసిన సందులో
నా కొట్టు: ఒక బల్ల, ఒక టెస్టర్ దీపం,
పాలడబ్బా నిండా కాలిన ఫ్యూజులు.

ద్వోమో బండి తెచ్చాడు.
పంతొమ్మిది మంది ఎక్కే ట్రోట్రో.
వెనకద్దం మీద పసుపు అక్షరాలు:
'తొందరపడకు తమ్ముడూ'.
ఆయనకు మాత్రం మహా తొందర.
"దీపాలు ఆరిపోతున్నాయి సెర్వా,
టెచిమాన్ దారిలో రెండుసార్లు
చీకట్లో గుడ్డివాడిలా నిలబడ్డాను.
ముప్పై వేసెయ్, పీడా వదులుతుంది."

మూత తీశాను.
నీలం పదిహేను ఉండాల్సిన చోట
మెలితిప్పిన రాగి తీగ,
కొత్తగా కట్టించుకున్న పన్నులా మెరుస్తూ.
"ఎవడి పనిరా ఇది?"
మేట్ కుర్రాడు అజేయి టైరు వంక చూశాడు.

నాకు కోపం రాలేదు.
పని నేర్చుకునే మొదటి ఏడు నేనూ వేశాను,
సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి.
మా మేడమ్ అఫ్రియే తిట్టలేదు.
ఆ కాగితాన్నే బ్యాటరీ కొసల మధ్య
పట్టుకోమంది.
బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది.
పుస్తకం కన్నా బాగానే పనిచేస్తోంది.

రెండు దీపాలు, ఒక్కోటి యాభై అయిదు.
నూటపదిని పన్నెండుతో భాగించు,
తొమ్మిది, ఆ పైన కొంచెం.
పదిహేను చాలు, ఊపిరాడే జాగాతో సహా.
మరెందుకు తెగుతోంది?

తీగ వెంట వేలు పోనిచ్చాను,
డ్యాష్‌బోర్డు కిందుగా, స్టీరింగ్ గొట్టం పక్కగా,
ఒకచోట అది రెండుగా చీలింది.
చీలిన పాయ వెంట సీటు కిందికి దూరితే
అక్కడ కూచుంది ఆంప్లిఫయరు,
చర్చి పాటలకీ, ఫుట్‌బాల్ కేకలకీ
దీపాల తీగకు నోరు పెట్టి తాగుతూ.

"తొడుగు ముట్టుకో" అన్నాను.
తడిసిన చింతపండులా వేలికి అంటుకుంది.
ద్వోమో ప్యాంటుకు తుడుచుకున్నాడు.
మాట్లాడలేదు.

ఫ్యూజు దీపాన్ని కాయదయ్యా,
తీగను కాస్తుంది.
ఈ తీగ లావెంత, ఎంత ఓర్చుకుంటుంది,
అది చూసి వేస్తారు ఫ్యూజు.
ముప్పై వేశావనుకో, అది నిక్షేపంగా ఉంటుంది.
అప్పుడు నీ పంతొమ్మిది మంది కాళ్ళ కింద
ఈ తీగంతా ఫ్యూజే.

"ఒక్క సెడీ ముక్కకు ఇంత ప్రసంగమా!"

మా పాస్టరైతే దీన్ని త్యాగం అంటాడు,
అందరికోసం ముందు తను కాలిపోవడం వగైరా.
నేననను.
అది సన్నగా ఉంది, అంతే.
వెంట్రుకవాసి కూడా తేడా రాకుండా
ఎంత సన్నగా ఉండాలో
ఎక్కడో ఎవరో కూచుని కొలిచారు.
దండం పెడితే ఆ కొలతకు పెడతాను.

పాట్ల పెట్టెకు వేరే తీగ లాగాను, లావుది.
దానికి పసుపు ఇరవై, బ్యాటరీకి జానెడు దూరంలో.
అంతకంటే దూరమైతే
ఆ మధ్య తీగకు కాపలా ఎవరు?
మెత్తబడ్డ తీగ కోసి, కొత్తది వేసి,
పాత చోట నీలం నొక్కాను.
టక్.
ఆ చప్పుడు నాకిష్టం.

బేరమాడాడు. సగమే ఇచ్చాడు.
మిగతాది శుక్రవారం అన్నాడు, ఏ శుక్రవారమో చెప్పలేదు.
స్టీరింగ్ ముందు కూచోబోతూ
నేను బల్ల మీద పడేసిన రాగి తీగను
చొక్కా జేబులో వేసుకున్నాడు.
చూశాను. ఏమీ అనలేదు.

అజేయిని పిలిచి
మూత లోపలివైపు టేపుతో
రెండు నీలాలు, ఒక పసుపు అంటించి,
"నీలం పోతే నీలం" అన్నాను.
"మళ్ళీ పోతే?"
"బండి ఆపు. నన్ను పిలువు."
వాడు పెదాలు కదుపుతూ
వల్లె వేసుకున్నాడు.

దుమ్ములోకి రెండు దీపాలూ వెలిగాయి.
సందు మలుపు దాకా కనబడ్డాయి అక్షరాలు.